కాకులకు అభిషేకం

ఒక పెద్ద అడవిలో కాకులంటే ఎవరికీ గిట్టేది కాదు. మాయరోగం దిగాక మాత్రం అందరికీ అవే దిక్కయ్యాయి. చచ్చిన ఎలకల్నీ పందికొక్కుల్నీ ఎత్తుకెళ్ళి అడవి అవతల పడేసే పని వాటిదే మరి.

శవం దగ్గరికెళ్తే స్నానం చేయకుండా గూట్లో అడుగు పెట్టకూడదని అక్కడి ఆచారం. ఊరికే పలకరించొచ్చిన కుందేలు కూడా మడుగులో మునిగేది. మోసిన కాకుల్ని మాత్రం మడుగు ఛాయలకి రానిచ్చేవారు కాదు. నీళ్ళు పాడైపోతాయట.

కాకుల సంఘం పెద్ద నల్లమ్మ సింహం కొలువుకెళ్ళింది. ఒక కాకికి కష్టమొస్తే వంద వాలతాయి కదా, వెనకాలే సంఘమంతా వాలింది.

"అయ్యా, మా తమ్ముడు కడగని రెక్కలతోనే గూటికొచ్చాడు. ఇప్పుడు వాడికీ జ్వరమే, పిల్లలకీ జ్వరమే. పనయ్యాక మడుగులో ఒక్క మునక వేయనివ్వండి, చాలు."

సింహం కొంగ వైపు చూసింది. కొంగ ఆరోగ్య మంత్రి. ఒడ్డున ఒంటికాలి మీద జపం చేసీ చేసీ ఆ పదవి కొట్టేసింది. మడుగులో చేపలన్నీ తనవేనని దాని ధీమా.

"నీళ్ళెందుకు ప్రభూ, గౌరవమిద్దాం. దానికి ఖర్చుండదు," అని చెవిలో ఊదింది.

మర్నాడే చాటింపు వేశారు, కాకులు ఇకనుంచి దేవుళ్ళని. సాయంత్రం జంతువులన్నీ చప్పట్లు కొట్టాయి. కోతి దండలేసింది. గాడిద స్తోత్రం ఎత్తుకుంది, దాన్ని ఆపడమే కష్టమైంది.

"ఇదేంటక్కా, నీళ్ళడిగితే దండలేశారు?" అంది ఓ కాకి.

"వేయనీ. దేవుడు గుళ్ళో ఏం చేస్తాడు?" అంది నల్లమ్మ.

"కూర్చుంటాడు."

"మరింకేం, పదండి."

తెల్లారేసరికి కాకులన్నీ కొండరాయి మీద బారులు బారులుగా కూర్చున్నాయి. సింహం గుహ ముందే పందికొక్కులు చచ్చి పడున్నాయి. ఎండెక్కాక సింహం ముక్కు మూసుకుని పరిగెత్తుకొచ్చింది, వెనకే కొంగ.

"పనిలోకి రండి నల్లమ్మా."

"దేవుళ్ళు పనికెళ్తారా ప్రభూ? మొక్కుకోండి, వింటాం."

"ఏం కావాలో సెలవియ్యి తల్లీ," అంది కొంగ.

"దేవుళ్ళకి రోజూ అభిషేకం చేయాలి కదా స్వామీ. మడుగు నీళ్ళతో. జపం తెలిసిన పూజారివి నువ్వున్నావు."

సింహం మూసుకున్న ముక్కు వదల్లేదు. "చేస్తాడు, చేస్తాడు," అంది.

ఆ సాయంత్రం కొంగ ముక్కుతో నీళ్ళు తెచ్చి తెచ్చి, రెండో వరస కాకుల దగ్గరే కూలబడింది. మర్నాడు మడుగు అందరిదీ అని తానే చాటింపు వేయించింది. నల్లమ్మ తమ్ముడు కోలుకుని, పని దిగగానే అందరికన్నా ముందు మునిగేవాడు.

నీతి: పనివాడు నీళ్ళడిగితే నీళ్ళే ఇవ్వండి, దేవుణ్ణి చేశారో అభిషేకం కూడా మీరే చేయాలి.