పలాసలో కర్బనం

ఆ ఆదివారం ఉదయం పలాసలో సైన్సు మాస్టారు ఫణిశంకర్ పెరట్లో నిలబడి, సాయంత్రం బడిలో తోకచుక్క మీద ఇవ్వబోయే ఉపన్యాసాన్ని గట్టిగా వల్లె వేసుకుంటున్నాడు. పురోహితుల ఇంట పుట్టిన పాపానికి ఊరంతా ఆయన్ని ముహూర్తాలే అడుగుతుంది. ఈ ఒక్క రోజైనా తనను సైన్సు మనిషిగా చూడాలని ఆయన కోరిక.

"ఎండ వేడికి తోకచుక్కలోని కర్బన పరమాణువులు విడిపోయి చెదురుతాయి. కంటికి ఆనని అతినీలలోహిత కాంతితో వెలుగుతాయి!"

గోడవతల కళ్ళంలో జీడిపిక్కలు ఆరబెట్టిస్తున్న గణపతిరావు చెవిన సగమే పడింది. బట్టలు ఆరేస్తున్న మాస్టారి భార్య నాగసుధను పిలిచాడు.

"అమ్మా, కర్బనమంటే ఏటమ్మా?"

"బొగ్గులాంటిదండీ, అన్నయ్యగారూ."

"తోకసుక్కలోంచి బొగ్గు సెదిరిపోద్దా? కంటికి కూడా ఆనదా?"

కుక్కరు కూత పెట్టడంతో ఆమె లోపలికి పరిగెత్తింది. మౌనం అర్ధాంగీకారం కదా, మిగతా సగం గణపతిరావు తానే కలుపుకున్నాడు. జీడిపప్పుకు మచ్చ పడితే అడిగే నాథుడుండడు. నిమిషాల మీద పిక్కలన్నీ టార్పాలిన్ల కిందికి చేరాయి. ఆయన్ని చూసి వీధి వీధంతా కప్పింది.

అంతటితో ఆగితే ఆయన గణపతిరావెలా అవుతాడు? నౌపడలో ఉప్పు వ్యాపారం చేసే బావమరిదికి ఫోను కొట్టాడు.

"ఒరే పోలారావూ, ఆకాశంలోంచి బొగ్గుపొడి పడతాదంట. మాస్టారే సెప్పినారు. ఉప్పు నల్లబడిపోద్ది, కప్పించీరా!"

"నల్లగానా బావా? టెక్కలోళ్ళు నీలంగా అంటన్నారేటి?"

"అదీ ఉందిరా. అతినీలం అన్నారు!"

మధ్యాహ్నానికి సంగతి తెలిసి ఫణిశంకర్ లబోదిబోమంటూ కళ్ళంలోకి పరిగెత్తాడు.

"ఏమీ పడదండీ! అది కోట్ల మైళ్ళ దూరంలో ఉంది. ఆ కాంతి నేలకే చేరదు, ఉపగ్రహాలు చూడాల్సిందే. పైనుంచి ఒక్క చుక్క కూడా రాలదు, నాదీ పూచీ!"

మాట నోట్లో ఉండగానే ఆయన కళ్ళద్దాల మీద ఒక చుక్క పడింది. సముద్రం వైపు నుంచి మబ్బు ఎప్పుడెక్కిందో ఎవరూ చూడలేదు. కుండపోత వాన. పలాసలో పిక్క తడవలేదు, నౌపడలో ఉప్పు కరగలేదు.

"మాస్టారు పైకలాగే అంటారు గానీ, ఆరికన్నీ తెలుసు" అన్నాడు గణపతిరావు.

సాయంత్రం బడి కిక్కిరిసింది. అంతమందిని చూసి ఫణిశంకర్ సంబరంగా కొత్త సుద్దముక్క తీశాడు. బోర్డు మీద బొమ్మలు వేసి కర్బనం కథంతా ఓపిగ్గా చెప్పాడు. జనం కదలకుండా విన్నారు. సందేహాలుంటే అడగమనగానే చేతులన్నీ లేచాయి. ముందు వరసలో గణపతిరావు నిలబడ్డాడు.

"కర్బనం సంగతి బాగా తెలిసింది మాస్టారూ. ఇంతకీ మా అమ్మాయి పెళ్ళి తోకసుక్క ఎల్లిపోయాక పెట్టుకోమంటారా, ముందేనా?"

మిగతా చేతులన్నీ దిగిపోయాయి. అందరి సందేహమూ అదేనట.