నూటికి నూరు శాతం హాజరు

మన ఆరోగ్య మంత్రిగారు మహానుభావులు. డాక్టర్లకు, గుమాస్తాలకు పని మీద భక్తి తగ్గిపోయిందని ఆయనకు ఒక రాత్రి కలొచ్చింది. తెల్లారేసరికి 'కార్యనిష్ఠ వారోత్సవం' ప్రకటించేశారు. మొదటి సభ మా భివండి సర్కారు దవాఖానలో. హాజరు నూటికి నూరు శాతం ఉండి తీరాలని ఫ్యాక్సు కూడా కొట్టించారు.

సరిగ్గా ఆ సభ రోజే మా మరమగ్గాల కార్ఖానాలో ఆగయ్య కుడిచేతి వేళ్ళు రెండు మగ్గంలో పడి తెగి వేలాడాయి. తెగిన పోగుకు ముడి వేసేది ఆ వేళ్ళే. కూలీల మీద మేస్త్రీని, ముకద్దాన్ని గనక గుడ్డ చుట్టి నేనే ఆటోలో తీసుకెళ్ళాను.

ఓపీడీకి తాళం. "డాక్టర్లందరు కార్యనిష్ఠ మీటింగుల ఉన్నరు" అన్నాడు గుమాస్తా దత్తాత్రి, చాయ్ ఊదుకుంటూ.

హాల్లో చూస్తే డాక్టర్లు ఇద్దరే. మిగతా పద్దెనిమిది మంది సొంత క్లినిక్కుల్లో ఇంకా గొప్ప కార్యనిష్ఠలో ఉన్నారు. సూపరింటెండెంటుగారు మనవాడే, తెలుగాయన. నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగింది.

"ముకద్దానివి గదా నువ్వు? మగ్గం మీదికి మనిషి రాకుంటే ఏం జేస్తవ్?"

"బద్లీ మనిషిని నిలబెడత సాబ్."

"గట్లనే నాకు పద్దెనిమిది మందిని నిలబెట్టు!"

"ముందుగాల ఆగయ్య వేళ్ళు కుట్టుండ్రి సాబ్!"

"ముందు మంత్రి. సభ కాంగనే కుట్టిస్త, నాది జిమ్మేదారి."

ఆహా, ఏం పరిపాలనా దక్షత! అరగంటలో లైన్లోని రోగులంతా డాక్టర్లయ్యారు. దగ్గేవాళ్ళు, జ్వరంతో వణికేవాళ్ళు తెల్లకోట్లు తొడుక్కుని రిజిస్టరులో డాక్టర్ల పేర్ల ఎదుట వేలిముద్రలు వేశారు. డ్యూటీ డాక్టరు స్వప్నిల్‌గారి కోటు ఆగయ్యకు దక్కింది. ఆగయ్య ముద్రకు సిరా కూడా అక్కర్లేకపోయింది.

మంత్రిగారు వచ్చారు. ముందు వరుసలో నెత్తురు కారుతున్న కోటు చూసి కళ్ళు తడి చేసుకున్నారు. "ఆపరేషన్ మధ్యలోంచి లేచొచ్చాడు! కార్యనిష్ఠ అంటే ఇదీ!" శాలువా కప్పి, ఉత్తమ వైద్యుడి పతకం మెడలో వేసి, ఫోటో దిగి వెళ్ళిపోయారు. ఆయన్ని థానే దాకా సాగనంపడానికి సూపరింటెండెంటూ, ఉన్న ఇద్దరు డాక్టర్లూ జీపెక్కారు.

ఆగయ్య పెదాలు పాలిపోయాయి. "వేళ్ళు సల్లవడుతున్నయే బావా. ఇగ మగ్గం ముడతనా నేను?"

దత్తాత్రి బల్ల మీద చరిచాను. "థానే దవాఖానకు తీస్కపోత, చిట్టీ అన్న రాసియ్యి!"

దత్తాత్రి నింపాదిగా రిజిస్టరు తిప్పాడు. "డ్యూటీ డాక్టర్ లేకుంటేనే రాయాలె. స్వప్నిల్ సాబ్ హాజరున్నడు. మంత్రి చేతుల మీద మెడల్ గూడ తీస్కున్నడు."

"ఆ మెడల్ ఈయన మెడలనే ఉన్నది గదరా!"

దత్తాత్రి ఆగయ్యను ఎగాదిగా చూశాడు. వెంటనే కుర్చీలోంచి లేచి చేతులు కట్టుకున్నాడు. పక్క బల్ల మీది సూది, దారం ఉన్న ట్రే వినయంగా ముందుకు జరిపాడు.

"గట్లయితే ఇంకా ఆలస్యమేంది డాక్టర్ సాబ్? పేషంటుకు నెత్తురు పోతున్నది. కుట్టుండ్రి."