అరవై క్యాబేజీలు పట్టే తొట్టి

ఆ ఓడ సినిమా ఊసు నా దగ్గర ఎత్తకండి. ఎత్తారంటే ఈ చేతిలో ఉన్న కమలాపండు మీ నెత్తిన పడుతుంది. దేశమంతా చూసి వెక్కి వెక్కి ఏడ్చిందట. నాకు మొదటిసారి చూసినప్పుడే ఒళ్లు మండింది. మూడోసారికి ఆ మంట నెత్తికెక్కింది.

కథ చెప్తాను, తీర్పు మీరే చెప్పండి. ఓడలో వంటవాడు హీరో. వాడు కాచిన పులుసులో ఉప్పెక్కువైందని దెబ్బలాడిన డాక్టరమ్మ హీరోయిన్. ఆ దెబ్బలాటలోంచి ప్రేమ పుట్టిందట. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా ఉప్పు గురించి దెబ్బలాటే, ఇంతవరకు అలాంటి ప్రమాదమేమీ జరగలేదు.

తుఫానొచ్చింది, ఓడ మునిగింది. ఓడ వంటింట్లోని ఎర్ర రబ్బరు తొట్టి తేలుకుంటూ వచ్చింది. కిమ్చీ పచ్చడి కోసం క్యాబేజీలు ఉప్పులో ఊరేస్తామే, ప్రతి ఇంటి పెరట్లో బోర్లించి ఉంటుందే, ఆ తొట్టి. హీరో డాక్టరమ్మను అందులో కూర్చోబెట్టాడు. తాను మాత్రం అంచు పట్టుకుని, ఎముకలు కొరికే చలినీళ్లలో పావుగంట మాట్లాడాడు. మాట్లాడి మాట్లాడి చెయ్యి వదిలేసి మునిగిపోయాడు.

సరిగ్గా అలాంటి తొట్టిలోనే మా ఆవిడ ఏటా అరవై క్యాబేజీలు ఊరేస్తుంది. అరవై క్యాబేజీలు పట్టిన చోట ఒక డాక్టరమ్మా ఒక వంటవాడూ పట్టరా? నేనడిగింది ఇంతే. కాకపోతే సినిమా నడుస్తుండగా, ఊరి హాల్లో, నలుగురికీ వినపడేలా అడిగాను.

మా జేజూ దీవిలో సముద్రంలో మునిగి నత్తలూ నాచూ కోసుకొచ్చేది ఆడవాళ్లే. మేం మగవాళ్లం కమలా తోటలు చూసుకుంటాం. సముద్రం పోటెత్తిన రోజున వాళ్లు పనికి వెళ్లరు. హాల్లో చేరి ఆ దిక్కుమాలిన సినిమా పెట్టుకుని ముక్కులు చీదుకుంటారు. వాళ్లకు పెద్ద, ఉరుము పెద్దమ్మ. ఏళ్ల తరబడి చెవుల్లో నీళ్లు పోయి చెవుడొచ్చి, ఆవిడ గుసగుస కూడా పక్క ఊరికి వినిపిస్తుంది.

“ఎవడయ్యా అది, మనిషి చావుబతుకుల్లో ఉంటే క్యాబేజీలు లెక్కపెట్టేది?” అని ఉరిమింది ఆవిడ. అందరూ నా వైపు తిరిగారు. మా ఆవిడ ఒక్కతే తిరగలేదు. అది మంచి సూచన కాదని నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

ఇంటికొచ్చాక, ఎప్పటిలాగే మా బిడ్డ పేరు కలిపి నన్ను పిలిచి అడిగింది. “హేరాన్ నాన్నా, తిన్నగా జవాబు చెప్పు. ఆ ఓడలో మనిద్దరమే ఉన్నామనుకో. తొట్టి ఎవరికిస్తావు?”

“ఇద్దరం ఎక్కుతాం.”

“ఒక్కరే పడతారనుకో.”

“అరవై క్యాబేజీలు పట్టే తొట్టిలో...”

“క్యాబేజీల గొడవ వదిలెయ్. ఒక్కరే.”

ఇలాంటి చోట అబద్ధం ఆడాలని పెళ్లయిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ కోపంలో ఉన్నవాడి నోటికి నిజం అడ్డు తగులుతుంది.

“అయితే నేనెక్కుతాను. నాకు ఈత రాదు. నువ్వు చేపవి, నీకు తొట్టెందుకు?” అన్నాను.

ఆ పూట పులుసులో ఉప్పు లేదు. మర్నాడూ లేదు. అటక మీదా అలమరలోనూ వెతికాను, ఉప్పు డబ్బాయే కనిపించలేదు.

“ఉప్పెక్కడ పెట్టావు?” అని అడిగాను.

“ఈత వచ్చినవాళ్లకే చెప్తాను,” అంది.

ఇంట్లో జరిగిన ముచ్చట రేవులో ఆడవాళ్లు చలి కాచుకునే మంట దగ్గరకు చేరింది. అక్కడికి చేరితే ఊరంతా చేరినట్టే. మంగలి దగ్గరకెళ్తే “రా తొట్టి బూ, కూర్చో” అన్నాడు. మాది బూ వారి వంశం, ఈ దీవిలో పేరున్న వంశం. మా తాత ముత్తాతల పేరు ముందు తొట్టి చేర్చిన సినిమాను నేనెలా మెచ్చుకోను?

పైగా నాకు పగటి నిద్ర కూడా కరువైంది. ఈ ఆడవాళ్లు నీళ్లలోంచి పైకి రాగానే బిగబట్టిన ఊపిరిని ఈలగా వదులుతారు. మా తోట సముద్రం పక్కనే. నీడలో నడుం వాలుద్దామంటే ఒకటే ఈలలు. అందులో మా ఆవిడ ఈల కాస్త బొంగురు, చివర్లో విరుగుతుంది. అది వినపడేదాకా కన్ను మూతపడదు, వినపడ్డాక మళ్లీ ఎప్పుడొస్తుందా అని మూతపడదు. ఇదీ నా సుఖం.

తొట్టిలో ఇద్దరు పట్టి తీరతారని నలుగురి ముందూ నిరూపిస్తే గానీ నా పరువు దక్కదనుకున్నాను. తోడుకు ఊకొట్టే యాంగ్ దొరికాడు. వాడు నా చిన్ననాటి స్నేహితుడు, ఏమన్నా ‘ఊ’ అంటాడు, అందుకే ఇన్నేళ్లు స్నేహం నిలిచింది.

“తొట్టి జోలికి మాత్రం వెళ్లకు. రేపు క్యాబేజీలు వస్తున్నాయి,” అని చెప్పి మా ఆవిడ సముద్రానికి వెళ్లింది. ఆవిడ మలుపు తిరగగానే తొట్టి మా నెత్తి మీదికెక్కింది.

ఆడవాళ్లు పని ముగించి రేవుకు తిరిగొచ్చే వేళ చూసుకుని తొట్టిని నీళ్లలో దించాం. కొట్టుకుపోకుండా దానికి తాడు కట్టాను. నేను ఎక్కాను. యాంగ్ ఎక్కాడు. మోకాళ్లు గడ్డాలకు తగిలాయి గానీ, పట్టాం.

“చూడండమ్మా, కళ్లున్నవాళ్లు చూడండి. ఇద్దరం పట్టామా లేదా?” అని గట్టు మీదికి అరిచాను. “ఆ సినిమా తీసినవాడు జన్మలో కిమ్చీ పెట్టి ఉండడు.”

గట్టు మీద నవ్వులు మొదలయ్యాయి. ఆ నవ్వులు దూరమవుతుంటే నాకు అనుమానం వచ్చింది.

“తాడు గట్టిగా పట్టుకున్నావా?” అన్నాను.

“ఊ,” అన్నాడు యాంగ్.

నిజమే, పట్టుకున్నాడు. తాడు రెండో కొస తొట్టిలో, వాడి చేతిలోనే ఉంది.

అది ఆటు వేళ. తొట్టి రేవు అడ్డుగోడ సందులోంచి బయటి సముద్రంలోకి నింపాదిగా వెళ్లిపోయింది. ప్రతి అల గరిటెడు నీళ్లు లోపల పోసి మరీ పోతోంది. అరవై క్యాబేజీలు అటూ ఇటూ కదలవనీ, ఒకరినొకరు తిట్టుకోవనీ నాకు అప్పుడు తోచింది.

ఇంకా నీళ్లలోనే ఉన్న మా ఆవిడ మమ్మల్ని చూసింది. ఆవిడ ఆనుకుని తేలే గుండ్రటి తెప్ప, మేం బుర్ర అంటాం, కాస్త దూరంలో ఎర్రగా కనిపించింది. ఇప్పుడు వేరే సరుకుతో చేస్తున్నా, ఒకప్పటి ఎండు సొరకాయ బుర్ర పేరే దానికి మిగిలింది.

“కదలకండి, వస్తున్నా,” అని కేకేసి మునిగింది.

బుర్ర ఒక్కటే తేలుతోంది. నేను ఈల కోసం చెవి పెట్టాను. మా ఆవిడ ఊపిరి ఎంత పొడుగో నా చెవికి తెలుసు. ఆ పొడుగు అయిపోయింది. ఈల లేదు. ఇంకాసేపు చూశాను, నీళ్ల మీద బుడగ కూడా లేదు.

నేను లేచి నిలబడ్డాను.

“కూర్చోరా, మునుగుతాం,” అన్నాడు యాంగ్. వాడి నోట ఊ కాకుండా వేరే మాట వినడం అదే మొదలు.

తర్వాత నాకు తెలిసింది, నేను నీళ్లలో ఉన్నానని. ఎలాగో బుర్ర చేతికి చిక్కింది. దాన్ని కావలించుకుని పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచాను. మా దగ్గర ఎవరూ అలా పిలవరు.

“ఒక్సిల్, పైకి రా. నీకు మోకాళ్ల నొప్పులు, ఈ వయసులో ఇంకా ఈ మునకలేమిటి? మానెయ్యమని చెప్దామంటే నా మాట ఎప్పుడైనా విన్నావా? ఈ ఏడు కమలాలు బాగా కాశాయి, మనిద్దరికీ చాలు. ఉప్పు లేకపోయినా తింటాను, అసలు పులుసే లేకపోయినా పర్లేదు. నీ ఈల వినపడందే నాకు టీ గొంతు దిగదని నీకేం తెలుసు, మొద్దుదానా. ఓ సముద్రమా, నీకు సిగ్గు లేదా, నీ కడుపులో ఏం తక్కువైందని...”

ఎంతసేపు అరిచానో నాకు తెలియదు. నోట్లోకి ఉప్పునీళ్లు పోతుంటే ఉమ్మి మరీ అరిచాను. అప్పుడు తొట్టి అవతలి వైపు నుంచి, బొంగురుగా, చివర్లో విరిగే ఈల ఒకటి వినిపించింది.

మా ఆవిడ తొట్టి అంచు మీద గడ్డం ఆనించి నన్ను చూస్తోంది.

“ఆపావేం? సముద్రాన్ని ఇంకా తిట్టు,” అంది.

“ఎంతసేపైంది పైకొచ్చి?”

“మోకాళ్ల నొప్పుల దగ్గర్నుంచి.”

“మరి ఈల?”

“మింగేశాను.”

ఒడ్డుకు తీసుకెళ్లడంలోనూ ఆవిడ వరస ఆవిడదే. ముందు తొట్టి, అందులో రాజుగారిలా యాంగ్, ఆ వెనక బుర్ర పట్టుకుని వేలాడుతూ నేను. రేపు క్యాబేజీలు వస్తున్నాయి కాబట్టి తొట్టికే మొదటి మర్యాద.

మంట చుట్టూ ఆడవాళ్లు చోటిచ్చారు. వణుకుతూనే నా వాదన వినిపించాను. “ఎవరూ ఏమీ ఊహించుకోవద్దు. కాలు జారింది, అంతే.”

మా ఆవిడ తొట్టిలోంచి నా రబ్బరు బూట్లు తీసి నా ముందు పెట్టింది. జారిపడే ముందు వాటిని విప్పి, గుమ్మం దగ్గర పెట్టినట్టు జతగా పెట్టి మరీ జారానన్నమాట.

వాదన మునిగినా కోపం మిగిలింది. “సముద్రం తెలిసినవాళ్లు మీరు. ఆ చెత్త సినిమా చూసి ఎందుకేడుస్తారు?” అని అడిగాను.

“చెత్తేనయ్యా, కాదన్నదెవరు?” అని ఉరిమింది పెద్దమ్మ. “ఆ డాక్టరమ్మకు కాలాడించడం కూడా రాదు. మాలో ఒకతె ఉంటే తొట్టినీ, వాణ్నీ, వీలైతే ఓడనీ ఒడ్డుకు లాక్కొచ్చేది.”

“మరి ఏడుపెందుకు?”

అందరూ మా ఆవిడ వైపు చూశారు. ఆవిడ మంటలో ఒక పుల్ల వేసింది.

“చచ్చే ముందైనా ఆ మనిషి ఆమెతో పావుగంట మాట్లాడాడు. అందుకు,” అంది.

యాంగ్ ఊ అన్నాడు. వాణ్ని కొట్టాలనిపించింది.

మర్నాడు క్యాబేజీలు వచ్చాయి. నన్ను తొట్టికి ఇవతల కూర్చోబెట్టి ఆవిడ అవతల కూర్చుంది. “మాట్లాడు,” అంది. ఏం మాట్లాడాలో తెలియక ఆ సినిమానే తిట్టాను. వంటవాణ్ని, డాక్టరమ్మను, ఓడ కట్టినవాళ్లను, టిక్కెట్లమ్మినవాళ్లను వదలకుండా, అరవై క్యాబేజీలు ఊరేసేదాకా తిడుతూనే ఉన్నాను. ఆవిడ ఒక్కసారి కూడా ఆపమనలేదు.

చివరికి ఒక లేత ఆకు తుంచి నా నోట్లో పెట్టి, “ఉప్పు సరిపోయిందా?” అని అడిగింది.

“ఎక్కువైంది,” అన్నాను.

“నీకేం తెలుసు?” అంది మా ఆవిడ. దెబ్బలాట మొదలైంది.