గోడ చెప్పిన సినిమా

ఆ శనివారం ఉదయం టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి స్కూలు హెడ్ మేడమ్ వస్తారు, నమూనా యూనిఫారం చూస్తారు, నచ్చితే నాలుగు వందల జతలు కుట్టే పని ఇస్తారు. ఆ పని దొరికితే ఏడాది పాటు మిషనుకు విశ్రాంతి ఉండదు. దొరక్కపోతే పాత ప్యాంట్లకు జిప్పులు వేసుకుంటూ కూర్చోవాలి. అందుకని కాలరు మూడుసార్లు ఇస్త్రీ చేశాడు.

వీధిలో అతన్ని రివ్యూ టైలరంటారు. శుక్రవారం ఏ కొత్త సినిమా వచ్చినా శనివారానికల్లా అతని దగ్గర అభిప్రాయం సిద్ధం. ఏడుపు సినిమా గానీ, ఫైటింగుల సినిమా గానీ, దయ్యం సినిమా గానీ, కొలత తీసినట్టు చెబుతాడు. మొదటి సగం వదులు, క్లైమాక్సు బిగుతు అంటాడు. మెడికల్ షాపాయనయితే అతన్ని అడక్కుండా టిక్కెట్టు కొనడు.

ఎవరికీ తెలియని సంగతేమిటంటే, ఈ పెద్దమనిషి పదకొండేళ్ళుగా హాలు గడప తొక్కలేదు. అతని దుకాణానికీ సినిమా హాలుకీ మధ్య ఒకటే గోడ. గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఇతనికి గోడే చెవి. ఏ ఆటకు ఏ సినిమా అన్నది బయటి బోర్డు చెబుతుంది. జనం నవ్వారా, ఏడ్చారా, గురక పెట్టారా అన్నది గోడ చెబుతుంది. ఇంత తెలిశాక ఇంకా లోపలికెళ్ళి చూసేదేముందని అతని ధీమా.

హెడ్ మేడమ్ వచ్చారు. కాలరు తిప్పి చూశారు, కుట్టు లాగి చూశారు, తల ఊపారు.

"సినిమాల గురించి మీరు బాగా చెబుతారటగా. మోకాలి ఆపరేషన్ అయినప్పట్నుంచీ, రెండేళ్ళుగా మా అత్తగారు నవ్వడమే మానేశారు. నవ్వించే సినిమా ఏదైనా ఉందా?"

నిన్న మ్యాట్నీలో నవ్వులకు ఈ గోడ అదిరిపోయింది. బోర్డు మీద మ్యాట్నీకి కామెడీ అనే ఉంది.

"మ్యాట్నీకి తీసుకెళ్ళండి మేడమ్. జనం కుర్చీల్లోంచి జారిపోయారు. కళ్ళారా చూశాను!"

"ఆవిడ గుండె కాస్త బలహీనం. భయపడే సీన్లేమీ లేవుగా?"

"ఒక్కటంటే ఒక్కటి లేదు. పూచీ నాది."

"సరే, ఇవాళే తీసుకెళ్తాను. చూసొచ్చాక ఆర్డరు సంగతి మాట్లాడదాం," అని వెళ్ళారావిడ.

మధ్యాహ్నం మూడింటికి, హాల్లో టిక్కెట్లు చింపే ఆయన గుండీ ఊడిన చొక్కాతో వచ్చాడు. టైలరు సూదిలో దారం ఎక్కిస్తూ, "కామెడీకి జనం బాగున్నారా బావా?" అన్నాడు.

"కామెడీని సాయంత్రానికి మార్చేశాంగా! నిన్నట్నుంచీ మ్యాట్నీకి ఆడేది దయ్యం సినిమా. బోర్డు రాసేవాడు సెలవులో ఉన్నాడు."

సూది వేలికి గుచ్చుకుంది. మరి నిన్నటి ఆ నవ్వులేమిటి? దయ్యాన్ని చూసి ఎవరైనా ఎందుకు నవ్వుతారు? ఆ వింత తేల్చుకోవాలని గోడకు చెవి ఆనించాడు. అవతల ఆడగొంతుతో పెద్ద కేక వినిపించింది.

"నా గుండీ?" అన్నాడు బావ.

"గుండీ కాదు బావా, గుండె!" అంటూ టైలరు మెడలో టేపుతోనే పరుగు తీశాడు.

హాల్లో చీకటి. "పెద్దమ్మగారూ, కళ్ళు మూసుకోండి!" అని అరుస్తూ, వరసలు తడుముకుంటూ, ఎందుకో తెర వైపు తలెత్తాడు. బావిలోంచి జుట్టు విరబోసుకున్న దయ్యం సరిగ్గా అప్పుడే పైకి వచ్చింది. పదకొండేళ్ళ తర్వాత అతను చూసిన మొదటి సీను అదే. "ఓరి నాయనో!" అని పెట్టిన కేకకు దయ్యమే జడుసుకుని ఉండాలి. కాళ్ళు తడబడి నడవలో కూలబడ్డాడు. హాలంతా గొల్లుమంది.

పక్క కుర్చీలో ఒక పెద్దావిడ నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటున్నారు. "ఆ దయ్యం విగ్గు చూడు నాయనా, చెవి మీదకి జారిపోతోంది! వచ్చిందగ్గర్నుంచీ కేకలేసి నవ్వుతున్నా. దీనికి భయపడినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను."

ఆవిడ పక్కనున్న హెడ్ మేడమ్ మాత్రం నవ్వలేదు. "కళ్ళారా చూశానన్నారు. చూసినవాళ్ళు ఇలా అరుస్తారా?"

టైలరుకు అబద్ధం వెతుక్కునే ఓపిక లేదు. "మా గోడకు అన్నీ వినిపిస్తాయండీ..."

"అయితే మా పిల్లల కొలతలు కూడా గోడ అవతల్నుంచే తీస్తారా?"

నాలుగు వందల జతలు కళ్ళ ముందే ఎగిరిపోయాయి. అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

"నువ్వూరుకో అమ్మాయ్," అన్నారు అత్తగారు. "పని అతనికే ఇవ్వు. కొలతలు తీసేటప్పుడు నువ్వు పక్కన నిలబడు, అంతే."

అత్తగారి మాటకు ఆ ఇంట్లో తిరుగు లేదట. పని దక్కింది. ఇక వీధిలోకి చేరిన కథ వేరు: రివ్యూ టైలరు దయ్యం సినిమాను రెండోసారి చూస్తూ కూడా అరిచాడట, సినిమా అంటే అంత ప్రాణమట.

తర్వాతి శనివారం మెడికల్ షాపాయన వచ్చి, కొత్త సినిమా ఎలా ఉందని అడిగాడు.

"నేను చూడలేదండీ," అన్నాడు టైలరు.

పదకొండేళ్ళలో సినిమాల గురించి అతను చెప్పిన మొదటి నిజం అదే, దాన్ని ఎవరూ నమ్మలేదు.