తెల్లబోయిన పెట్రోలు బిల్లులు

"ఈ బెజవాడలో నేరస్థులు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతున్నారంటే కారణం ఒక్కటే. వాళ్ళ మిక్సీలు ఇంకా నా చేతికి రాలేదు," అన్నాడు వెంకటప్పయ్య. "జారు వాసన చూసి ఆ ఇంటి గుట్టంతా చెప్పేస్తాను."

సత్యనారాయణపురంలో ఆయనకు మిక్సీలు బాగుచేసే కొట్టుంది. బోర్డు అడుగున "రహస్య పరిశోధనలు కూడా చేయబడును" అని ఈమధ్యే రాయించాడు. అప్పటి నుంచి మిక్సీలు రావడం తగ్గింది.

ఆయన ఇంట్లోనే ఉంటున్న అన్న కూతురు అక్షయకు ఆ మాటలు వినే ఓపిక లేదు. స్కూటరు డిక్కీలోంచి తీసిన పెట్రోలు బిల్లులు చేతిలో పట్టుకుని దిగులుగా నిలబడింది. అన్నీ తెల్లకాగితాలే.

చేపల మేత కంపెనీలో ఆమెది కాంట్రాక్టు పని. పామర్రు చుట్టుపక్కల చెరువులకు వెళ్ళి నీళ్ళు పరీక్ష చేస్తుంది. కాంట్రాక్టు వాళ్ళ తిరుగుడు ఖర్చులను సంపాదనలో కలిపి పన్ను కోయాలా, విడిగా చూపించాలా అన్నది నలుగురిని అడిగితే నాలుగు రకాలుగా చెప్పారు. కంపెనీ ఆడిటరు రామకోటేశ్వరరావు గారు మాత్రం ఒకటే చెప్పారు. "నువ్వు తిరిగినట్టు రుజువు చూపించమ్మా, విడిగా రాస్తాను. లేకపోతే కలిపేస్తాను." కలిపేస్తే పన్ను పోగా మిగిలేది పెట్రోలుకే సరిపోదు. ఉద్యోగం మానేసి మైలవరంలో అక్క బట్టల కొట్లో చీరలు మడతపెట్టుకోవలసిందే.

"ఎండకి డిక్కీ కాలిపోయి అక్షరాలు చెరిగిపోయాయి బాబాయ్."

"నేరస్థులు నీచేత అనిపించాలనుకున్నదీ అదే," అన్నాడు వెంకటప్పయ్య గొంతు తగ్గించి. "అసలు బిల్లులు మాయం చేసి తెల్లకాగితాలు పెట్టారు. లేదా రహస్య సిరా. ఇస్త్రీపెట్టె ఏది?"

ఆమె వద్దనేలోపే ఇస్త్రీ చేసేశాడు. తెల్లగా ఉన్న బిల్లులు కాటుకలా నల్లబడ్డాయి.

"చూశావా," అన్నాడాయన తృప్తిగా. "సాక్ష్యం నోరు విప్పుతోంది."

అక్షయ ఆ నల్లకాగితాలనే మడిచి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు ఆయన పట్టుపంచె, జరీ కండువా, నల్లకళ్ళద్దాలతో మారువేషం వేసి, అక్షయ ఫొటో జేబులో పెట్టుకుని పామర్రు బస్సెక్కాడు. సాయంత్రం ఆమె ఆడిటరు ముందు కూర్చుని నల్లబడ్డ బిల్లుల గురించి ఎలా చెప్పాలా అని తంటాలు పడుతుంటే, వెంకటప్పయ్య తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. పంచె నుంచి కండువా దాకా బురద.

"ముఠా గుట్టు రట్టయింది. నాయకుడి మారుపేరు అబ్బాయి," అంటూ ఫోను బల్ల మీద పెట్టి రికార్డు వినిపించాడు.

"ఈ ఫొటోలో అమ్మాయి ఇటు వస్తుందా?" వెంకటప్పయ్య గొంతు.

"రాకేమండీ, ప్రతి మంగళవారం వస్తుంది." చెరువు యజమాని దానమ్మ గొంతు అది. అక్షయ గుర్తుపట్టింది.

"ఎవరితో వస్తుంది?"

"ఒక్కతే, స్కూటరు మీద. బెజవాడ నుంచి అంత దూరం. ఉయ్యూరు దగ్గర చెరుకు లారీలు అడ్డంగా ఆగిపోతే బండి పక్కనించి నెట్టుకుంటూ వచ్చిందండి ఓసారి. వానొచ్చినా మానదు. బంగారం లాంటి పిల్ల. ఇంతకీ అబ్బాయి ఏం చేస్తాడండి?"

"అబ్బాయి గురించి నీకెలా తెలుసు?"

"మీరు చెప్పకపోతే మాకెలా తెలుస్తుందండీ. సొంత ఇల్లేనా?"

తర్వాత మాట్లాడిన రైతులదీ అదే వరస. అందరూ ఆమె రాకపోకలు పూసగుచ్చినట్టు చెప్పి, చివర్లో అబ్బాయి జీతం అడిగారు.

రామకోటేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. నవ్వు ఆగడానికి కాసేపు పట్టింది.

"ఏమండీ, మీరు జరీ కండువా వేసుకుని ఆడపిల్ల ఫొటో చూపించి ఆరాలు తీస్తే ఎవరైనా ఏమనుకుంటారు? మగపెళ్ళివారనుకున్నారు."

"అదే వాళ్ళ ఎత్తుగడ," అన్నాడు వెంకటప్పయ్య.

"పెళ్ళి ఆరాల్లో గుణగణాలు కాస్త పెంచి చెప్తారేమో గాని, ఏ వారం వచ్చిందో, దేని మీద వచ్చిందో అబద్ధమాడితే వాళ్ళకేం వస్తుంది? చూడమ్మా, రూలేమిటో నాకిప్పటికీ పూర్తిగా అంతుబట్టలేదు. కాని రేపు నన్నెవరైనా అడిగితే చూపించడానికి ఈ మాట చాలు. ఆ రైతుల చేత ఈ సంగతే కాగితం మీద రాయించి సంతకాలు తీసుకురా. విడిగా రాసేస్తాను."

మంగళవారం చెరువు నీళ్ళు సీసాలో పట్టుకున్నాక అక్షయ కాగితం తీసింది. దానమ్మ సంతకం పెడుతూనే అడిగింది. "సంబంధం ఎక్కడిదాకా వచ్చిందే?"

లేని సంబంధాన్ని ఎలా విడమరచాలో అక్షయకు తోచలేదు. "కుదరలేదండి," అంది.

"పోనీలేవే. ఆ పెద్దాయన్ని చూసినప్పుడే అనుకున్నా. అంత మంచి పట్టుపంచె కట్టుకుని మా చెరువు గట్టున బోర్లా పడుకుని, గేదె అడుగులు టేపుతో కొలుస్తున్నాడు. అలాంటివాళ్ళ ఇంట్లో పడకపోవడమే నీ అదృష్టం."

"నిజమేనండి," అంది అక్షయ. సంతకం ఆరేదాకా ఊది, కాగితం జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని, ఆ ఇంటికే బయల్దేరింది.