తొమ్మిదో కుర్చీ నట్టు

ఆ ఆదివారం ఉదయం రాజేశం పెట్టుకున్న పనులు మూడే. తొమ్మిదో నంబరు కుర్చీ నట్టు గట్టిగా ఉందో లేదో చూసుకోవాలి, సెలవు కాగితం మీద సువార్తరావు సారుతో సంతకం పెట్టించుకోవాలి, మధ్యాహ్నం భార్య ప్రమీలకు ఫోన్ చేసి గురువారం వస్తున్నానని చెప్పాలి. మొదటి పని కుదిరితేనే తక్కిన రెండూ కుదురుతాయి. అందుకే ఆ రోజు అతను టీ కూడా తాగకుండా కుర్చీల దగ్గరికి నడిచాడు.

రాజేశం పనిచేసేది దోహాలో ఒక మంచు పార్కులో. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ మాడ్చేస్తుంటే, లోపల పెద్ద షెడ్డులో మైనస్ రెండు డిగ్రీల చలిలో పిల్లా పెద్దా మంచు మీద జారుతూ కేరింతలు కొడుతుంటారు. కిందికి జారినవాళ్ళను మళ్ళీ పైకి చేర్చడానికి ఉక్కు తాడుకు వేలాడే కుర్చీలు ఇరవై నాలుగున్నాయి. కూర్చున్నవాళ్ళు పడిపోకుండా ప్రతి కుర్చీకీ ఒళ్ళో అడ్డంగా దిగే సేఫ్టీ బార్ ఉంటుంది. ఆ బార్‌ని పట్టి ఉంచేది ఒక బోల్టు, ఒక నట్టు. ఆ నట్లను కనిపెట్టుకుని ఉండే మెకానిక్ జగిత్యాల రాజేశం. జర్కిన్ వేసుకుని వీడియో కాల్లో కనిపించినా అతని అత్త చిన్నవ్వ నమ్మదు. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. "దుబాయ్‌ల మంచేంది అల్లుడా? నువ్వేదో ఐస్ ఫ్యాక్టరీల జేరి మాకు జెప్తలేవు" అంటుంది.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు ప్రమీలకు నెలలు నిండాయి. పది రోజుల్లో కాన్పని డాక్టరమ్మ చెప్పింది. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. ఆ రెండుసార్లూ రాజేశం ఇక్కడే కార్మికుల క్యాంపులో ఫోన్ చెవికి ఆనించుకుని, ఆమె ఏడుస్తుంటే వింటూ కూర్చున్నాడు. ఈసారి ఆసుపత్రి తలుపు దగ్గర తాను నిలబడి ఉంటానని మాటిచ్చాడు. 

తీరా చూస్తే తొమ్మిదో కుర్చీ నట్టు మళ్ళీ వదులైంది. మూడు వారాల్లో ఇది అయిదోసారి. జనం ఎక్కకముందు రోజూ ఖాళీ కుర్చీలను తిప్పి చూస్తారు కాబట్టి ఎవరికీ ఏ అపాయమూ జరగలేదు. ఆ కుర్చీకి మాత్రం రోగం కుదరలేదు.

"ఏవయ్యా రాజేశం, మళ్ళీనా?" అన్నాడు సూపర్‌వైజర్ సువార్తరావు. అమలాపురం మనిషి, గట్టిగా కసరడం కూడా చేతకాని మెతక మనిషి. "మొన్ననే కదా బిగించావు?"

"పాణం పెట్టి బిగిచ్చిన సార్. ఏమైతున్నదో సమజైతలేదు."

పద్ధతిలో లోటేమీ లేదు. నట్టు విప్పి, బోల్టు మరలను స్పిరిట్‌తో రాజేశం శుభ్రం చేస్తాడు. సువార్తరావు వచ్చి, చూసి, పుస్తకంలో సంతకం పెట్టి వెళ్తాడు. తర్వాత రాజేశం మరలకు గమ్ము పూసి నట్టు బిగిస్తాడు. ఆ గమ్ము ఆరితే నట్టు ఊడదు. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవి. పుస్తకంలో లేనిది ఒకటి మాత్రం రాజేశం తనంతట తాను చేర్చాడు. చిన్నవ్వ కొండగట్టు అంజన్న గుడి దీపంలోని నూనె చిన్న సీసాలో పట్టి పంపింది. గమ్ము పూసే ముందు అందులోంచి ఒక్క చుక్క బోల్టుకు అద్ది, వేలు కళ్ళకద్దుకునేవాడు. మొదటిసారి నట్టు వదులైన నాటి నుంచే ఈ ఏర్పాటు.

సంగతి మేనేజర్ హమీదుద్దీన్ దాకా పోయింది. ఆయనది నిజామాబాద్. ఖతార్‌లో ఇరవై ఏళ్ళున్నా తెలుగు మరిచిపోలేదు.

"ఒక్క కుర్చీ ఖరాబైందంటే అన్నిటి మీద డౌటే. పార్కు బంద్ పెట్టుండ్రి. ఇరవై నాలుగూ ఇప్పి, సాఫ్ జేసి, కొత్తగ గమ్ము పెట్టుండ్రి. వారం దినాలు ఒక్క నట్టు గూడ కదలొద్దు. అప్పటిదాంక మెయింటెనెన్సోళ్ళకు ఛుట్టీ మాఫీ, ఎవలకు లీవు లేదు."

రాజేశం ఒకడుగు ముందుకు వేశాడు. "సార్, నాకు బేస్తవారం టికెటున్నది. మా ఇంటామెకు..."

"నాకు ఎరుకే రాజేశం. కని ఆ కుర్చీల కూసునేటివి గూడ ఎవరో కన్న పిల్లలే గద?"

రాజేశం స్పానరు అందుకున్నాడు. ఆ రోజంతా వేళ్ళు కొంకర్లు పోయేదాకా ఇరవై నాలుగు నట్లూ విప్పి బిగించాడు. తొమ్మిదో కుర్చీకి చేసిన మర్యాద తక్కినవాటికి చేయకపోతే బాగుండదనిపించి, తలా ఒక చుక్క నూనె అద్దాడు. సీసాలో నూనె కొంచెం తగ్గింది.

సోమవారం ఉదయం నాలుగు కుర్చీల నట్లు వదులయ్యాయి.

గమ్ములోనే కల్తీ ఉందని హమీదుద్దీన్ తేల్చాడు. ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి, ఖరీదైన కొత్త గమ్ము మధ్యాహ్నానికల్లా తెప్పించాడు. మళ్ళీ ఇరవై నాలుగూ విప్పారు. కొత్త గమ్ముకు కొత్త బలం కావాలని రాజేశం ఈసారి రెండేసి చుక్కలు వేశాడు. మంగళవారం ఉదయానికి పదకొండు వదులయ్యాయి. మళ్ళీ అన్నీ విప్పి బిగించారు. ఊళ్ళోని మదీనత్ ఖలీఫా పేట నుంచి బస్సులో వచ్చిన బడిపిల్లలు గేటు దగ్గరి నుంచే ఏడుస్తూ వెనక్కి పోయారు.

క్యాంపులో రాజేశం పక్క మంచం గజేందర్‌ది. ఎవరి బాధనైనా విని, దాన్ని రెండింతలు చేసి తిరిగి ఇవ్వడం అతని అలవాటు. "గమ్ము కాదు, గిమ్ము కాదు. ఎవడో కావాలని ఇప్పుతుండు. బోల్ట్ల కాడికి నీతోని పాటు పోయేది ఎవలు? మీ సారే గద? నువ్వు పోతె పనంత ఆయన మీద పడుతది. అందుకే నిన్ను పోనిస్తలేడు."

రాజేశం మొదట కొట్టిపారేశాడు. కాని నిద్ర పట్టక ఆలోచిస్తుంటే అదీ నిజమేమోననిపించింది. ప్రతి బోల్టు దగ్గరా సారు ఒక్కడే కాసేపు ఉంటాడు. తాను దగ్గరికి పోతే ఆయన ఉలిక్కిపడి చెయ్యి జేబులో పెట్టుకుంటాడు. అంత మంచి మనిషి ఇంత పని చేస్తాడా అని అతనికి ఏడుపొచ్చింది. మర్నాడు పొద్దున్నే ప్రమీల ఫోన్ చేసింది.

"డాక్టరమ్మ ఇంక ముందే గావచ్చంటున్నది. నువ్వు రాకుంటే రాకపోతివి. వస్తనని మాత్రం అబద్ధం చెప్పకు. తలుపు దిక్కు చూసుకుంట ఉండుడు నాతోని కాదు."

రాజేశం "వస్త" అనలేకపోయాడు, "రాను" అనలేకపోయాడు. డ్యూటీ బస్సొచ్చిందని చెప్పి ఫోన్ పెట్టేశాడు. బస్సు ఇంకా రాలేదు.

ఆ బుధవారం ఉదయం పదిహేడు నట్లు వదులుగా ఉన్నాయి. పది గంటలకు హమీదుద్దీన్ ఇద్దర్నీ తన గదిలోకి పిలిచి తలుపేశాడు. ఆయన ముఖం కందగడ్డలా ఉంది.

"నేను కెమెరా చూసిన" అన్నాడు. "ఇగ మీరు గూడ చూడుండ్రి."

తెర మీద సువార్తరావు ఒక కుర్చీ దగ్గరికి వచ్చాడు. బోల్టు చూశాడు, పుస్తకంలో సంతకం పెట్టాడు. అటూ ఇటూ చూసి జేబులోంచి చిన్న సీసా తీశాడు. వేలు తడిపి బోల్టుకు రాసి, కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. ఆయన అటు వెళ్ళగానే రాజేశం వచ్చాడు. అతనూ అటూ ఇటూ చూసి జేబులోంచి చిన్న సీసానే తీశాడు. ఇరవై నాలుగు కుర్చీల దగ్గరా ఇదే వరస.

"ఏం మందది?" బల్ల మీద గుద్దాడు హమీదుద్దీన్. "తేజాబా, యాసిడా? నా పార్కు ముంచుమని మీకు ఎవడు ఫులూస్ ఇచ్చిండు, ఎన్ని పైసలిచ్చిండు?"

రెండు సీసాలూ బల్ల మీదికొచ్చాయి. అప్పటిదాకా ఒకరి సీసా సంగతి మరొకరికి తెలియదు.

"అంజన్న నూనె సార్, కొండగట్టుది" అన్నాడు రాజేశం, నేల చూపులు చూస్తూ. "నట్టు ఊడొద్దని మొక్కి పెట్టిన."

సువార్తరావు తన సీసా ముందుకు జరిపాడు. "నాది ప్రార్థన చేయించిన ఒలీవ నూనెండి. మా ఆవిడ సుసన్న ఇచ్చింది. ఈ అబ్బాయి భార్య నిండు మనిషండి. ఆ నట్టు నిలబడితే గానీ ఇతను ఇంటికెళ్ళలేడు. అందుకని ప్రతి బోల్టు దగ్గరా ఇతని కోసం ఒక్క మాట చెప్పుకున్నానండి. చూస్తే నవ్వుతాడేమోనని చాటుగా చేశాను."

రాజేశం తలెత్తి ఆయన వైపు చూశాడు. రాత్రంతా ఈ మనిషినా తాను తిట్టుకున్నది! సిగ్గుతో, దుఃఖంతో అతని కళ్ళు నిండిపోయాయి. "తప్పైంది సార్" అన్నాడు. ఏం తప్పో సువార్తరావుకు అర్థం కాలేదు గానీ, భుజం మాత్రం తట్టాడు.

హమీదుద్దీన్ గమ్ము డబ్బా తిప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని, దాని మీదున్నది నెమ్మదిగా చదివాడు. జిడ్డు తగిలిన లోహానికి ఈ గమ్ము పట్టదు. మొట్టమొదటిసారి తొమ్మిదో నంబరు నట్టు పాతబడి వదులైంది. ఆ తర్వాత వదులైన ప్రతి నట్టూ భక్తి వల్లే వదులైంది.

"ఇద్దరికి గీ ముచ్చట ఎరుక లేదా?"

"తెలుసండి" అన్నాడు సువార్తరావు. "ఒక్క చుక్కే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను."

"నేను గూడ ఒక్క చుక్కనే అనుకున్న సార్" అన్నాడు రాజేశం.

 రాజేశం మనసులో అప్పటికే తన ఉద్యోగం ఊడింది, సారు ఉద్యోగం కూడా ఊడింది, ప్రమీల ఒంటరిగా ఆసుపత్రికి బయల్దేరింది. హమీదుద్దీన్ అద్దాలు తీసి తుడుచుకుని, తన బల్ల మీద ఆగిపోయి ఉన్న రాజేశం సెలవు కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టాడు.

"రేపటి ఫ్లైటుకు పో."

రాజేశం నమ్మలేకపోయాడు. "సార్, వారం దినాలు నట్టు కదలొద్దంటిరి..."

"నువ్వు ఈడుంటె వారం గాదు, ఒక్క దినం గూడ ఆగదు. బిడ్డ పుట్టెదాంక నీ చెయ్యి ఊకోదు, ఎక్కడనో ఒకకాడ మొక్కుతనే ఉంటవు. నువ్వు ఇంట్ల పడితె ఈ సారు నీ కోసం ప్రార్థన చేసుడు గూడ బంద్ పెడుతడు. యల్లా, నడువు, పోయి సామాన్ సదురుకో. ఈ గడియ సంది నా కుర్చీల దిక్కు రావద్దు."

"మరి నేనండి?" అన్నాడు సువార్తరావు.

"నువ్వు స్పిరిట్ డబ్బా పట్టు. ఇరవై నాలుగున్నయి."

కారిడార్లోకి రాగానే రాజేశం ప్రమీలకు ఫోన్ కలిపాడు. "వస్తున్న" అన్నాడు. ఈసారి ఆ మాట సాఫీగా వచ్చింది. అవతలి నుంచి ఏడుపూ నవ్వూ కలిసి వినబడ్డాయి.

లోపల హమీదుద్దీన్ కాగితంలో ఒక్క గడి ఖాళీగా ఉండిపోయిందని గమనించి మళ్ళీ కలం తీశాడు. సెలవుకు కారణం అన్న చోట, కాన్పు అని కాకుండా, కుర్చీల మరమ్మతు అని రాశాడు.