మెట్టతామరల మడి

శ్రావణ శుక్రవారం పొద్దున్న లోవరాజు తలస్నానం చేసి, దేవుడి పటం ముందు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్ళో, మురుగునీటిని శుద్ధిచేసే మడికి అతనే కాపలాదారు. ఇళ్ళ మురుగు గొట్టాల్లో వచ్చి, కంకర నింపిన మడిలో మెట్టతామరల వేళ్ళ మధ్య నుంచి మెల్లగా సాగి, తేటపడి పడవల కాలువలో కలుస్తుంది.

పదిగంటలకు ఇంజనీరు విజయకుమార్ గారు ఆఖరి తనిఖీకి వస్తారు. ఊరంతా ఒకేసారి నీళ్ళు వదిలితే ఇది తట్టుకోదని ఆయన కిందటిసారే అనుమానపడ్డారు. ఈసారీ అదే మాటంటే మడి మూసేస్తారు, మురుగు మళ్ళీ తిన్నగా కాలువలో పడుతుంది. కనీసం విరబూసిన పూలు చూసైనా ఆయన మనసు మెత్తబడుతుందని లోవరాజు ఆశ.

తీరా వెళ్ళి చూస్తే మడిలో ఒక్క పువ్వు లేదు. అతను పరుగున వెళ్ళి, తన దగ్గరుండే తాళంచెవితో గది తీసి పంచాయతీ మైకు అందుకున్నాడు.

"మడిలో పూలు కోసినోళ్ళకి తెలియజేసేదేంటంటే అండీ, అయ్యి మన మరుగుదొడ్ల నీళ్ళు తాగి పెరిగిన పూలు. ఇంకెవరూ ముట్టుకోకండి."

దొంగ భయపడతాడనుకున్నాడు. కానీ దేవుడికని పొద్దున్నే ఎవరి దొడ్లో పువ్వయినా కోసుకోవడం ఆ ఊరి అలవాటు. దాన్ని దొంగతనమని ఎవరూ అనుకోరు. వీరాయమ్మ గారు అప్పుడే కలశం పక్కన ఎర్రటి మెట్టతామర పెట్టి మురిసిపోతున్నారు.

పక్కింటి దుర్గాదేవి గోడ మీంచి తొంగిచూసింది. "పిన్నిగారూ, విన్నారా?"

"విన్నానే. నీకిచ్చిన పూలూ అయ్యే."

ఇద్దరూ మళ్ళీ తలంటుకుని, ఇల్లంతా కడుక్కున్నారు. కబురు రెండో వీధికి చేరేసరికి మురుగు ప్రసాదంలో పడిందన్నారు. మూడో వీధిలో ఏకంగా మంచినీళ్ళ ట్యాంకులోనే కలిసిందన్నారు. బిందెలు, బకెట్లు, తొట్లు, ఉన్న నీళ్ళన్నీ ఒలకబోసేశారు.

పదిగంటలకు ఇంజనీరుగారు వచ్చేసరికి గొట్టంలోంచి నీళ్ళు హోరుమని దూకుతున్నాయి. మడి పొంగిపోతుందేమోనని లోవరాజు గట్టు మీదికి పరిగెత్తాడు. ఇంజనీరుగారు మడి అవతలికి నడిచి, గాజు సీసాలో నీళ్ళు పట్టి ఎండకెత్తి చూశారు. అరగంట ఆగి మళ్ళీ పట్టారు. రెండుసార్లూ నీళ్ళు తేటగానే ఉన్నాయి.

"ఇన్ని నీళ్ళు ఒక్కసారిగా ఎలా తెప్పించేరయ్యా?"

"ఊరంతా సహకరించేరండి," అన్నాడు లోవరాజు నేలచూపులు చూస్తూ.

అంతలో తడిజుట్లతో ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు, ముందు వీరాయమ్మ గారు. లోవరాజుని నాలుగు దులుపుదామని ఆవిడ నోరు తెరవబోతుండగా ఇంజనీరుగారు చేతులు జోడించారు. "మీ వల్లే పాసయిందమ్మా ఇది. ఇలాంటి ఊరు నేనెక్కడా చూడలేదు."

వీరాయమ్మ గారు క్షణం తడబడి, కొంగు సర్దుకున్నారు. "ఆయ్, మా ఊరంటే ఏవనుకున్నారండి. కానీ బాబూ, ఆ పూలు పూజకి పనికొస్తాయా అని."

జవాబు లోవరాజు భార్య బేబి చెప్పింది. "మన స్నానాల నీళ్ళు తాగే గదండీ పిన్నిగారూ, దొడ్లో కొబ్బరిచెట్టు కాసేది. ఆ కాయే గదండీ స్వామికి కొడతాం."

వీరాయమ్మ గారు తడిజుట్టు ముడేసుకున్నారు. "అయితే పొద్దున్న రెండోసారి తలంటుకోనక్కర్లేదంటావా?"

"అలాగనకండి," అన్నారు ఇంజనీరుగారు కంగారుగా. "మంచిపని చేసేరు."

సాయంత్రం లోవరాజు ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాడు. దారిలో ప్రతి అరుగు మీదా "మా మడి" అన్న మాటే. దీపం పెడుతున్న బేబి పక్కకి జరిగితే, దేవుడి పటం మీద వాడిపోయిన మెట్టతామరలు రెండు కనిపించాయి.

"ఇయ్యెప్పుడు కోసేవే?"

"అందరికంటే ముందేనండి. మీరు పొద్దున్న కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టేరు గదా, చూసుండరు."

లోవరాజు ఈసారి కళ్ళు తెరిచి దణ్ణం పెట్టుకుని, మైకు గది తాళంచెవి పంచాయతీకి అప్పగించి వచ్చాడు.